బొగ్గు గనుల నడుమ గాయక బృందం: మన పాటకు ఒక పాఠం

సింగరేణి చరిత్ర అనగానే మనకు టన్నుల లెక్కలు, బావుల నంబర్లు, సమ్మెలు, లాభాల వాటా గుర్తుకొస్తాయి. పాట గుర్తుకు రాదు. కానీ గని తవ్విన ప్రతి చోటుకూ బొగ్గుతో పాటు పాట కూడా చేరింది. కార్మికుల పోరాట పాట వచ్చింది. కాలనీల్లో బతుకమ్మ పాట, భజన మండలి పాట వచ్చాయి. చర్చిలో గాయక బృందం పాట కూడా వచ్చింది. ఈ వ్యాసం ఈ చివరి పాట గురించి.

మన ఆదివాసీ సంచికలో చర్చి పాట ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఇది మతం మంచిచెడుల చర్చ కాదు. ఒక సమాజం తన పాటను వారం వారం, తరం తరం ఎలా నిలుపుకుంటుందో తెలుసుకోవడానికి కతోలిక గాయక బృందం మన కళ్లముందున్న ఉదాహరణ. అది ఎవరి పాటను లోపలికి తీసుకుంది, ఎవరి పాటను గడప బయటే ఉంచింది అన్నది కూడా చూడాలి. మన పాట ఏమవుతుందో ఈ రెండు ప్రశ్నల్లోనే ఉంది.

గనుల వెంట వచ్చిన చర్చి

1871లో భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉందని గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది. 1889లో బొగ్గు తీయడం మొదలైంది. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. 1920ల చివర బెల్లంపల్లి గనులు, 1960ల నాటికి గోదావరిఖని గనులు వచ్చాయి. ఇవన్నీ మనుషులు లేని అడవులు కావు. ఇల్లందు వైపు కోయలు, బెల్లంపల్లి, ఆసిఫాబాద్ వైపు గోండులు, కొలాములు, నాయకపోడులు ఉన్న నేల అది. గనుల్లో పనికి మాత్రం ఎక్కువమంది బయటి నుంచి వచ్చారు. వాళ్లు తమ దేవుళ్లను, తమ పాటలను వెంట తెచ్చుకున్నారు.

ఇల్లందు బొగ్గు రైలెక్కే దారిలో డోర్నకల్ జంక్షన్ ఉంది. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912 చివర అభిషేకం పొంది ఈ డోర్నకల్‌నే తన కేంద్రంగా చేసుకున్నాడు. ఆయన కట్టించిన కథీడ్రల్‌కు 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. అది కతోలిక చర్చి కాదు. అయినా మన బొగ్గు ప్రాంతంలో ఆరాధన పాట చరిత్ర చెప్పేటప్పుడు దాన్ని దాటిపోలేం. విదేశీ రాగాల బదులు తెలుగు కీర్తనలను, భజనలను ఆరాధనలోకి తేవాలని అజరయ్య పట్టుబట్టాడు. చదువురాని పేదజనం నోట నిలవాలంటే పాట వాళ్ల నోటి తీరులోనే ఉండాలన్నది ఆయనకు తెలుసు. అంతకు ముందే పురుషోత్తమ చౌదరి వంటి కవులు తెలుగు రాగాల్లో క్రైస్తవ కీర్తనలు రాసి దారి వేశారు.

గోదావరికి రెండు ఒడ్లు, రెండు సంప్రదాయాలు

కతోలికుల విషయానికొస్తే బొగ్గు ప్రాంతంలో ఒక విచిత్రం కనిపిస్తుంది. గోదావరికి దక్షిణాన ఉన్న రామగుండం, గోదావరిఖని వరంగల్ మేత్రాసనం కిందికి వస్తాయి. ఆ మేత్రాసనం 1952లో ఏర్పడింది. దాని కథీడ్రల్ కాజీపేట దగ్గర ఫాతిమానగర్‌లో ఉంది. ఇటలీలోని మిలాన్ నుంచి 1855లో హైదరాబాద్ రాజ్యానికి వచ్చిన మిషనరీల పని నుంచి పెరిగిన సంఘం ఇది. ఇక్కడి ఆరాధన రోమన్, అంటే లాటిన్ సంప్రదాయం.

వంతెన దాటి ఉత్తరాన మంచిర్యాలకు వెళితే ఆరాధన తీరే మారుతుంది. పాత ఆదిలాబాద్ జిల్లా ప్రాంతాన్ని 1962లో కేరళకు చెందిన సిరో మలబార్ సంఘానికి, అందులోని సీఎంఐ గురువులకు అప్పగించారు. మొదట అది చాందా కేంద్రం కింద ఉండేది. 1999లో ఆదిలాబాద్ పేరుతో వేరే మేత్రాసనం ఏర్పడి, మంచిర్యాల కేంద్రమైంది. వీళ్ల ఆరాధనకు మూలం సిరియాక్ భాష. అది లాటిన్ కాదు. కేరళలోనే అది 1962లో మలయాళంలోకి వచ్చింది. ఆ తర్వాత మన దగ్గర తెలుగు మాట తొడుక్కుంది. గురువు ఒక వాక్యం పాడితే సభ మరో వాక్యం పాడి జవాబివ్వడం ఆ పద్ధతిలో ఎక్కువ.

ఒకే కంపెనీ, ఒకే నది, ఒకే తెలుగు. కానీ ఒక ఒడ్డున రోము నుంచి, మరో ఒడ్డున కేరళ మీదుగా పశ్చిమాసియా నుంచి వచ్చిన పాట. ఇంత దూరం నడిచొచ్చిన పాటకు ఇక్కడ తెలుగులో చోటు దొరికింది. వందల ఏళ్లుగా ఈ నేల మీదే ఉన్న గోండి పాటకు, కొలామి పాటకు అలాంటి చోటు దొరకలేదు. ఈ మాట కోపంతో చెప్పడం లేదు. ఎందుకలా జరిగిందో తెలియాలంటే గాయక బృందం ఎలా నడుస్తుందో ముందు చూడాలి.

బృందం ఎలా నడుస్తుంది

కథీడ్రల్ అంటే బిషప్ పీఠం ఉన్న చర్చి. మేత్రాసనంలోని మిగతా విచారణలు దాన్ని చూసి నడుచుకుంటాయి. పండగకు అక్కడ పాడిన పాట తర్వాతి ఏడాది చిన్న ఊళ్ల చర్చిల్లో వినిపిస్తుంది. అందుకే అక్కడి బృందం పని ఆ ఒక్క చర్చితో ఆగదు.

బృందం నడిపేవాళ్ల మొదటి పని పాటలు ఎంచడం. తమకు నచ్చినవి ఎంచితే కుదరదు. లాటిన్ పద్ధతిలో పూజ మొదట్లో ప్రవేశ గీతం, తర్వాత దయచూపమని వేడుకునే పాట, మహిమ గీతం, చదువుల మధ్య కీర్తన, అల్లెలూయ, కానుకల పాట, పరిశుద్ధుడని స్తుతించే పాట, సత్ప్రసాద గీతం, చివర ముగింపు పాట వస్తాయి. ఒక్కో పాటకు ఒక్కో చోటు, ఒక్కో పని. దాని మీద ఏడాది లెక్క ఉంటుంది. క్రిస్మస్‌కు ముందు ఆగమన కాలం, ఈస్టర్‌కు ముందు తపస్సు కాలం, తర్వాత పాస్కా కాలం. తపస్సు కాలంలో అల్లెలూయ పాడరు. వాయిద్యాలు కూడా పాటకు ఊతమిచ్చేంత వరకే. పాస్కా జాగరణ రాత్రి ఆ అల్లెలూయ మళ్లీ వచ్చినప్పుడు, ఇన్నాళ్ల మౌనం వల్లే దానికి అంత బలం వస్తుంది.

ఈ సంగతి మనకు కొత్త కాదు. మన దండారి, గుస్సాడి పాటలు దీపావళి రోజుల్లోనే. పెర్సపెన్ పూజ వాయిద్యం ఏ పెళ్లికి పడితే ఆ పెళ్లికి మోగదు. కాలం, చోటు, పని తెలిసిన పాటే పాట అన్నది మన పెద్దలు ఎప్పుడో కట్టిన నియమం.

రెండో పని సాధన. వారానికి ఒకటో రెండో రోజులు, ఒకే చోట, ఒకే వేళకు. గనుల ఊళ్లో ఇది తేలిక కాదు. మూడు షిఫ్టుల బతుకు అది. ఈ వారం పగలు ఖాళీగా ఉన్న గొంతు వచ్చే వారం బావిలో ఉంటుంది. అలాంటి చోట బృందం ఒక్క మంచి గాయకుడి మీద ఆధారపడితే నడవదు. ప్రతి పాట ఇద్దరు ముగ్గురికైనా వచ్చి ఉండాలి. హార్మోనియం, కీబోర్డు, తబలా, ఢోలక్ వాయించేవాళ్ల వెనుక నేర్చుకునేవాళ్లు ఉండాలి.

మూడో పని పాటల పుస్తకం. అచ్చు పుస్తకమైనా చేతిరాత నోటుబుక్కయినా బృందం ఆస్తి అదే. సికింద్రాబాద్‌లోని అమృతవాణి వంటి సంస్థలు తెలుగు కతోలిక పాటలను క్యాసెట్ల మీద ఊరూరికీ చేర్చాయి. పాట మనిషి నోట, పుస్తకంలో, రికార్డులో మూడు చోట్లా నిలిచింది.

నాలుగోది పిల్లలు. ఏ బృందమైనా పదేళ్ల పిల్లలను ముందు వరుసలో నిలబెట్టకపోతే ఇరవై ఏళ్లలో మూతపడుతుంది.

ఈ నాలుగింటిలో గొప్ప సంగీత విద్య ఏమీ లేదు. ఉన్నదల్లా ఏర్పాటు. పాట ఎంత గొప్పదైనా ఏర్పాటు లేకపోతే పాడేవాళ్లతోనే పోతుంది.

తలుపు ఎవరికి, ఎప్పుడు తెరుచుకుంది

ఈ ఏర్పాటులోకి అందరికీ ఒకేసారి చోటు రాలేదు. 1903లో పోప్ పదో పియస్ సంగీతం మీద ఇచ్చిన ఆజ్ఞ ప్రకారం ఆరాధనలో పాడటం ఒక పదవి వంటిది, అందుకు స్త్రీలు అర్హులు కారు. ఆరాధన భాష లాటిన్. స్థానిక భాషలో పాటలు ఉన్నా అవి ముఖ్యంగా జపాలకు, ఊరేగింపులకు. అంటే పాడే మనిషి మీద కట్టుబాటు, పాడే భాష మీద కట్టుబాటు.

1962 నుంచి 1965 వరకు రోములో జరిగిన రెండో వాటికన్ మహాసభ దీన్ని మార్చింది. 1963 డిసెంబర్ 4న వెలువడిన ఆరాధన పత్రం ప్రజల భాషకు తలుపు తీసింది. అందులో 114వ పేరా గాయక బృందాలను, ముఖ్యంగా కథీడ్రళ్లలో, శ్రద్ధగా పెంచాలని, అదే సమయంలో సభ మొత్తం పాడేలా చూడాలని చెబుతుంది. బృందం జనం బదులు పాడకూడదు, జనంతో పాడించాలి అన్నది దాని సారం. 1967లో వచ్చిన మరో పత్రం స్త్రీ పురుషులు కలిసిన బృందాలను స్పష్టంగా ఒప్పుకుంది.

ఉపాధ్యాయులుగా మనం గుర్తుపెట్టుకోవలసింది 119వ పేరా. మిషన్ ప్రాంతాల్లోని ప్రజలకు తమ సొంత సంగీత సంప్రదాయాలు ఉంటాయని, వాటికి తగిన గౌరవం ఇవ్వాలని, అక్కడ పనిచేసే మిషనరీలు ఆ సంగీతాన్ని బడుల్లోనూ ఆరాధనలోనూ పెంచగలిగేలా శిక్షణ పొందాలని అది చెబుతుంది. గుడిలోనే కాదు, బడిలో కూడా అన్నారు.

ఈ మాట ఎక్కడ అమలైంది? ఆఫ్రికాలో కాంగో దేశంలో మహాసభకు ముందే, 1958లో, కామినా ఊరి బడిపిల్లలు, ఉపాధ్యాయులు కలిసి తమ డప్పులతో, తమ బాణీలతో లాటిన్ పూజ పాటలు పాడారు. మిస్సా లూబా పేరుతో అది ప్రపంచమంతా తెలిసింది. మన దేశంలో ఛోటానాగ్‌పూర్‌లో మొదట్లో క్రైస్తవులైన ఉరావులను, ముండాలను అఖ్రా ఆటపాటలకు దూరంగా ఉండమన్నారు. తర్వాతి తరాల్లో అదే మాందర్ చర్చి లోపల మోగింది. ఆ నేల నుంచే ఉరావ్ బిడ్డ తెలెస్ఫోర్ టోప్పో 2003లో కార్డినల్ అయ్యాడు. జనం సంఖ్యలో ఉండి, గురువుల్లో, ఉపాధ్యాయుల్లో తమవాళ్లుండి, భాషను వదలకపోతే తలుపు తెరుచుకుంటుందని ఛోటానాగ్‌పూర్ చెబుతుంది.

మన ప్రాంతంలో ఆ మూడూ ఒకచోట కలవలేదు. దుమ్ముగూడెంలో ఆంగ్లికన్ మిషనరీలు 1860ల నుంచే కోయల మధ్య పనిచేశారు. జాన్ కెయిన్ కోయ భాష నేర్చుకుని అందులో సువార్త భాగాన్ని అచ్చువేయించాడు. కానీ ఒక పుస్తకం అచ్చయినంత మాత్రాన భాషకు పీట పడదు. ఆ భాషలో వారం వారం పాడే గుంపు ఉండాలి.

మన దగ్గర ఉన్న ఏర్పాటు

ఇలా అంటే మనకు ఏర్పాటే లేదని కాదు. మనకున్నది చర్చి బృందం కంటే తక్కువదేమీ కాదు. పర్ధానులు గోండుల వంశగాథలు పాడే గాయకులు. ఒక్కో పర్ధాన్ కుటుంబం ఒక్కో గోండు వంశానికి కట్టుబడి ఉంటుంది. పెర్సపెన్ పూజలో, చావు కార్యంలో ఆ వంశం పుట్టుక, దాని దేవతల కథ కిక్రి మీటి పాడతారు. హైమెండార్ఫ్ గుర్తించిన ఒక సంగతి ఆలోచించదగ్గది. చాలామంది పర్ధానుల ఇంటి భాష మరాఠీ. కానీ గాథ మాత్రం గోండిలోనే పాడతారు. ఇంట్లో మాట్లాడని భాషను పాటలో తరాల తరబడి కాపాడారంటే ఏర్పాటు ఎంత బలమైనదో చూడండి. దాత ఇంటికి గాయకుడు, గాయకుడికి ధాన్యం, తండ్రి పక్కన కూర్చుని నేర్చుకునే కొడుకు. ఇదే ఆ ఏర్పాటు. తోటీలదీ ఇలాంటి సంప్రదాయమే.

ఇప్పుడు దాత దగ్గర ధాన్యం తక్కువ, కొడుకు హాస్టల్లో ఉన్నాడు. కిక్రి గోడకు వేలాడుతోంది. పాట చెడ్డదై పోవడం లేదు. దాన్ని మోసిన ఏర్పాటు విరిగిపోయి పోతోంది.

బడి ఆ లోటు పూడ్చగలదని మన చరిత్రే చూపింది. 1940లో కొమురం భీం జోడేఘాట్‌లో అమరుడయ్యాక, నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్‌ను మన ప్రాంతం పరిస్థితులు చూడమని పంపింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. మన భాషలో మనవాళ్లే చదువు చెప్పారు. ఆ తర్వాత ప్రభుత్వాలు మారి గోండి చదువు ఆగిపోయింది. ఉపాధ్యాయ శిక్షణ పొందిన మనలో ఎంతమందికి ఆ శిక్షణ తరగతుల్లో మార్లవాయి పేరు వినిపించింది?

లిపి లేదన్న సాకు కూడా ఇప్పుడు చెల్లదు. నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. ఫోనులో, కంప్యూటర్‌లో గోండిని గోండి అక్షరాల్లో రాసుకోవచ్చు. గుస్సాడి కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. ఒక పెద్దకు బిరుదు వచ్చిందని సంతోషించాం. ఆయన పోయాక పిల్లల చేతికి ఏం మిగిలింది అన్నదే అసలు లెక్క.

మనం చేయగలిగింది

దక్షిణ అమెరికాలో చికితోస్ అనే ఆదివాసుల కథ ఒకటి చెప్పాలి. 17, 18 శతాబ్దాల్లో జెసూట్ గురువులు వాళ్ల ఊళ్లలో గాయక బృందాలు నడిపారు. 1767లో స్పెయిన్ రాజు ఆ గురువులను వెళ్లగొట్టాడు. నేర్పినవాళ్లు పోయారు. కానీ ఆదివాసీ గాయకులు ఆ స్వరాల కాగితాలను తరతరాలు నకలు రాసుకుంటూ దాచారు. 1970లలో పాత చర్చిలు బాగుచేస్తుంటే వేల పేజీలు బయటపడ్డాయి. యూరప్ మరిచిన సంగీతం ఆదివాసుల చేతిరాతలో బతికింది. పరాయి పాటనే అంతగా కాపాడగలిగినవాళ్లు సొంత పాటను కాపాడుకోలేరా?

గాయక బృందం నుంచి మనం తీసుకోవలసింది దాని ఏర్పాటును. ప్రతి ఆశ్రమ పాఠశాలలో వారానికి ఒక గంట పాటకు కేటాయించండి. ఆ గంట తప్పకూడదు. ఒక నోటుబుక్ పెట్టండి. పాట మాటలు, అది ఏ కాలానిది, ఏ పనిది, ఎవరు పాడారు, ఏ ఊరు అని రాయండి. ఫోనులో రికార్డు చేయండి, కానీ రికార్డు చేసి వదిలేయకండి. పిల్లల నోట పలికించండి. ప్రతి పాట కనీసం ముగ్గురు పిల్లలకు వచ్చేలా చూడండి. పై తరగతి పిల్లలు కింది తరగతికి నేర్పాలి. మనం బదిలీ అయినా బృందం ఆగకూడదు.

ఒక హద్దు మాత్రం గీసుకోవాలి. ఏ పాట బడికి తేవచ్చో ఏది తేకూడదో తేల్చవలసింది పట్లా, కటోడా, పర్ధాన్ పెద్దలు. పెన్ గాథను వేదిక మీద పాడించమని అడగకూడదు. నాట్ల పాట, జోల పాట, రేల పాట పిల్లలకు చాలు. ఈ నియమం చర్చికీ వర్తిస్తుంది. మన తుడుం, పెప్రె ఆరాధనలోకి రావాలనుకునే క్రైస్తవ సోదరులు ముందు ఊరి పెద్దలను అడగాలి. అడిగి తీసుకుంటే అది గౌరవం. అడగకుండా తీసుకుంటే, 119వ పేరా చెప్పిన మాటకే అది విరుద్ధం.

ఇంకో మాట. ఈమధ్య మన ఊళ్లలో చర్చికి వెళ్లేవాళ్లు ఆదివాసులేనా అన్న వాదన లేస్తోంది. రాజ్యాంగం ప్రకారం షెడ్యూల్డ్ తెగల గుర్తింపు మతంతో ముడిపడి లేదు. కానీ చట్టం కాగితం మీద కలిపి ఉంచినా, పండగ రోజున పిల్లలు రెండు గుంపులుగా విడిపోతే ఊరు ఊరుగా ఉండదు. మన భాషలోని నాట్ల పాటకు మతం లేదు. చర్చికి వెళ్లే పిల్లా, నాగోబా జాతరకు వెళ్లే పిల్లా ఆ పాటను ఒకే వరుసలో నిలబడి పాడగలరు. అలాంటి వరుస ఈరోజు బడిలో తప్ప మరెక్కడా దొరకదు. ఆ వరుసను నిలబెట్టే పని మనది.